చివరి మెట్టు మూడు వందల కిలోమీటర్లు

"పిక్క నొక్కుతున్నాను, నొప్పుంటే చెప్పు మావయ్యా" అంటూ సిస్టరు ఆ పెద్దాయన కాళ్ల ముందు గొంతుక్కూర్చుంది. వేలు పడీపడగానే ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. "అమ్మో, అక్కడే తల్లీ!" మూడు రోజులుగా జ్వరం, ఒళ్లునొప్పులు. ఆమె కింది రెప్ప లాగి టార్చి వేసి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పుసి లేదు. "దగ్గితే కళ్లెలో ఎరుపేమైనా కనబడిందా?" లేదన్నాడు. ఆ మాట విన్నాకే ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఉత్తర అండమాన్‌లో, డిగ్లీపూర్ దగ్గర ఒక సబ్‌సెంటరది. బోర్డు మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని ఉంటుంది గానీ, చుట్టుపక్కల వాళ్లందరికీ సబ్‌సెంటరే. రెండు గదులు, ఒక వరండా, నీళ్ల డ్రమ్ము, టీకాలు తెచ్చే నీలం పెట్టె. సిస్టరు అమ్మానాన్నలు సోంపేట వైపు నుంచి వలలు పట్టుకుని వచ్చినవాళ్లు. ఆమె ఇక్కడే పుట్టింది. బెంగాలీ రైతులతో బెంగాలీలో, రాంచీ వాళ్లతో హిందీలో, మనవాళ్లతో శ్రీకాకుళం యాసలో మాట్లాడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లే. అందుకే నాకు అక్కడ పరాయితనం అనిపించలేదు.

నేను వెళ్లింది అక్టోబరు చివర్లో. వానలు వెనకబట్టి, పొలాల్లో నీళ్లింకా నిలిచి ఉన్న రోజులు. "ఈ నెలా, వచ్చే నెలా మాకు నిద్రుండదు సార్" అంది సిస్టరు. కారణం లెప్టో. లెప్టోస్పైరోసిస్ క్రిమి ఎలకల, పశువుల మూత్రంలోంచి నీళ్లలోకి, బురదలోకి చేరుతుంది. కాలి మీద చిన్న గాటు ఉంటే చాలు, ఒంట్లోకి దిగుతుంది. మొదట్లో మామూలు జ్వరంలాగే ఉంటుంది. ముదిరితే కామెర్లు, మూత్రపిండాల దెబ్బ, కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం.

ఈ జబ్బు గురించి తెలుసుకున్నకొద్దీ నాకు బాధేసిన సంగతి ఒకటుంది. అండమాన్‌లో లెప్టో ఉందని టేలర్, గోయల్ అనే పరిశోధకులు 1931లోనే రాశారు. ఆ తర్వాత దాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు. 1988 నుంచి డిగ్లీపూర్ ప్రాంతంలో ఏటా వానలు తగ్గే వేళకి జనం జ్వరంతో పడిపోవడం, రక్తం కక్కడం మొదలైంది. అదేమిటో తెలియక "అండమాన్ రక్తస్రావ జ్వరం" అని కొత్త పేరు పెట్టారు. పోర్ట్‌బ్లెయిర్‌లో 1983లో నెలకొల్పిన ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం వాళ్లు 1990ల్లో రక్తపరీక్షలు చేసి అది పాత లెప్టోయేనని తేల్చారు. పుస్తకంలో ఉన్న విషయం ఆసుపత్రి దాకా రావడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో పోయిన ప్రాణాలెన్నో!

ఆ కేంద్రం పరిశోధకులే ఉత్తర అండమాన్‌లో 782 మందితో ఒక ప్రయోగం చేసి 2000లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వారానికోసారి, 12 వారాలు. మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. క్రిమి ఒంట్లోకి చేరడం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. కానీ జబ్బు పడినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 6.82 మంది, మందు వేసుకున్నవాళ్లలో 3.11 మంది. సగానికి పైగా తగ్గింది. నీళ్లని, ఎలకల్ని, బురదని మార్చలేని చోట ఒక్క మాత్ర చేసిన పని ఇది.

వరండాలో ఆ పూట ఆ మాత్రలే పంచుతోంది సిస్టరు. డబ్బాలోంచి రెండేసి తీసి అరచేతిలో వేసి, "అన్నం తిన్నాకే వేసుకోవాలి, పరగడుపున కాదు" అని ఒక్కొక్కరికీ చెప్పింది. రిజిస్టరులో గీత పెట్టింది. ఒకామె చేయి చాపగానే "నెల తప్పిందన్నావు కదా, నీకివి వద్దు" అని డబ్బా మూత పెట్టి, ఆమె కాలిమడమ చూపించమంది. పగుళ్లు శుభ్రం చేసి కట్టు కట్టింది. ఓ పక్క కొత్త గమ్‌బూట్లు వరసగా ఉన్నాయి. ఎవరూ తొడగరా అనడిగాను. "మోకాలి లోతు బురదలో దిగబడిపోతాయి సార్. కాలు పైకొస్తుంది, బూటు రాదు. ఊరికే కోప్పడితే ఏం లాభం? గాయం కప్పుకోండి, ఇంటికెళ్లగానే సబ్బుతో కడుక్కోండి, మాత్ర వేసుకోండి అంటాను. అదైతే చేస్తారు." చేయగలిగింది అడిగితే జనం చేస్తారన్న ఈ నమ్మకం నాకు ఏ ప్రణాళికా పత్రంలోనూ కనబడలేదు.

వైద్య విద్యార్థులు పార్క్ రాసిన ప్రజారోగ్య పాఠ్యపుస్తకంలో నివారణకి నాలుగు మెట్లు చదువుతారు. జబ్బుకి దారితీసే పరిస్థితే పుట్టకుండా చూడడం మొదటిది: చెత్త, ధాన్యం ఎలకలకి అందకుండా పెట్టుకోవడం, పశువుల కొట్టం ఇంటికి దూరంగా కట్టడం. రెండోది ఆ మాత్ర, ఆ కట్టు. మూడోది పిక్క నొక్కి చూసి, ఆ రోజే మందు మొదలెట్టి, రక్తం డిగ్లీపూర్ సామాజిక ఆరోగ్య కేంద్రానికి (సీహెచ్‌సీ) పంపడం. నాలుగోది మూత్రపిండాలు పనిచేయనివాడికి డయాలిసిస్, ఊపిరి అందనివాడికి వెంటిలేటర్. పుస్తకంలో నాలుగూ ఒకే పేజీలో ఉంటాయి. ఇక్కడ మొదటిది పెరట్లో, రెండోది వరండాలో, మూడోది ఆటో దూరంలో. నాలుగోదానికి మూడు వందల కిలోమీటర్లు వెళ్లాలి.

ఆ దారి నేను బస్సులో వచ్చినదే. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. దీవులన్నిటికీ పెద్దదిక్కయిన జీబీ పంత్ ఆసుపత్రి అక్కడే ఉంది. తెల్లవారకముందే బయల్దేరితే జిర్కాటాంగ్ గేటు దగ్గర ఆగాలి. జరావా ఆదివాసుల అడవిలోంచి బళ్లన్నీ కాన్వాయ్‌గానే వెళ్లాలి, రాత్రిపూట దారి మూసేస్తారు. మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సు పంటెక్కుతుంది. రంగత్, మాయాబందర్ దాటి డిగ్లీపూర్ చేరేసరికి పొద్దు వాలింది. కుదురుగా కూర్చున్న నాకే నడుం విరిగింది. రోగిని ఈ దారిలో తేవాలంటే! హెలికాప్టర్ ఉంది గానీ, మబ్బు పట్టిన రోజున అది లేవదు.

దారిలో కదంతలా దగ్గర బస్సు కాసేపు ఆగినప్పుడు కిందికి దిగాను. 1996లో కాలు విరిగిన ఒక జరావా కుర్రవాణ్ని ఇక్కడి జనం చూసి జీబీ పంత్‌కి పంపారు. నయమై అడవిలోకి తిరిగి వెళ్లిన ఆ పిల్లవాడి తర్వాతే, 1997 చివర్లో జరావాలు తమంతట తాము పగటివేళ బయటికి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్లకి తట్టు సోకింది. ఆ మాట వింటే భయమెందుకో తెలియాలంటే 1877కి వెళ్లాలి. ఆ ఏడు గ్రేట్ అండమానీ జాతిని తట్టు ఊడ్చేసింది. 1901 లెక్కల్లో 625 మంది మిగిలారు, 1961కి 19 మంది. ఈసారి అలా జరగనివ్వకూడదని కదంతలాలో కాపలా కాసినవాళ్లలో డాక్టర్ రతన్ చంద్ర కర్ ఒకరు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

సిస్టరుకి మాత్రం ఆదర్శం ఇంకొకరు. శాంతి తెరెసా లక్రా పేరు చెప్పేటప్పుడు ఆమె చేతులు కడుక్కోవడం ఆపేసింది. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఓంగీ ఆదివాసుల మధ్య పనిచేసిన ఏఎన్ఎం ఆవిడ. 2004 సునామీ తర్వాత అక్కడే ఉండిపోయి వాళ్లని చూసుకుంది. 2011లో పద్మశ్రీ అందుకుంది. "ఆవిడా మా లాంటి ఏఎన్ఎమ్మే సార్" అంది సిస్టరు, 'మా' అన్న మాట ఒత్తి.

మధ్యాహ్నం ఆమెతో మత్స్యకారుల వాడకి వెళ్లాను. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూసే రోజది. దండేల మీద ఎండుచేపలు, కొబ్బరిచెట్ల నీడలో వలలు అల్లుతున్న మగవాళ్లు. ఒకాయన చేయి చాపడానికి ఒప్పుకోలేదు. "నాను బాగానే ఉన్నాను కదా, మందెందుకు?" చివరికి పట్టీ చుట్టనిచ్చాడు. నూటా డెబ్బై మీద నూట నాలుగు. సిస్టరు గొంతు పెంచలేదు. "బోటింజను బాగానే తిరుగుతోందని ఆయిలు పొయ్యడం మానేస్తావేటి బావా?" అంది. ఆయన మాట్లాడలేదు, మాత్రల అట్ట తీసుకుని బొడ్లో దోపుకున్నాడు. ఉప్పుచేప తగ్గించమని ఆయనకి కాదు, పక్కనున్న భార్యకి చెప్పింది.

సాయంత్రం వరండాలో కూర్చుని రిజిస్టరు పూర్తిచేస్తుండగా సీహెచ్‌సీ నుంచి ఫోనొచ్చింది. పొద్దుటి పెద్దాయన్ని అక్కడ చేర్చుకున్నారు. ఇంజెక్షను మొదలెట్టారు, మూత్రం బాగానే వస్తోంది, పోర్ట్‌బ్లెయిర్ పంపనక్కర్లేదన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి, ఆయన ఇంటి చుట్టూ ఉన్న ఆరిళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకుంది.

"పొద్దున ఆరింటికే వెళ్లాలి సార్, ఏడు దాటితే పొలాలకెళ్లిపోతారు" అని డబ్బాలో మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.