పగడం రంగు

పగడం అనగానే మనవాళ్ళకి కుజదోషం, ఉంగరం గుర్తొస్తాయి. నా పగడాలు మాత్రం డాలస్ అపార్ట్‌మెంట్లో, నలభై గ్యాలన్ల ఉప్పునీళ్ళ అక్వేరియంలో బతుకుతున్నాయి. రెండేళ్ళుగా వీటికి ఎంత తగలేశానో ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

పోయిన నెల ఊదారంగు ఆక్రోపోరా ఒకటి గోధుమరంగుకి తిరగడం మొదలెట్టింది. ఆ గోధుమరంగు దాని ఒంట్లో కాపురముండే జూజాంథెల్లే అనే నాచుది. నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగితే నాచు బలిసి, కోరల్ సొంత ప్రొటీన్ల ఊదా, నీలం రంగుల్ని కప్పేస్తుంది. సరేనని ఫాస్ఫేటు పీల్చే మందు రెట్టింపు వేశా. వారంలో సున్నా! టెస్టులన్నీ పాసైనంత సంబరపడ్డా. కానీ ఆ నాచు తయారుచేసే చక్కెరే కోరల్‌కి ముఖ్యమైన తిండి. నాచుని పస్తు పెట్టేసరికి ఇదీ పాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చి ఆల్కలినిటీ కొలిచా. రిలీజు గొడవలో రెండు వారాలు దాని మొహం చూళ్ళేదు లెండి. 6.4 డీకేహెచ్. సముద్రంలో దాదాపు 7 ఉంటుంది, అక్వేరియంలో 8, 9 పెట్టుకుంటారు. ప్రొడక్షన్లో బగ్గొస్తే రాత్రికి రాత్రే ఫిక్స్ పెట్టే అలవాటు కదా, వంటసోడా మూడు చెంచాలు కలిపి పోసేశా. తెల్లారేసరికి 9.3. అంకె చూసుకుని హాయిగా ఆఫీసుకెళ్ళా. మూడోరోజుకి కొమ్మల చివర కండ ఊడిపోయి తెల్లటి ఎముక బయటపడింది. రోజుకి 1 మించి పెంచకూడదని చదివే ఉన్నా. అదీ బాధ.

ఆదివారం ఫోన్లో నాన్న దగ్గర నోరుజారా. ఆయనది భీమవరం దగ్గర రొయ్యల చెరువు. నా ఇంజనీరింగు ఫీజులు అందులోంచే వచ్చాయి.

"ఆల్కలినిటీ ఎంతుందిరా?" అన్నారు.

తెల్లబోయా. ఈ మాట నేనేదో డాలస్ వచ్చి నేర్చుకున్నాననుకుంటున్నా. ఆయన ఏళ్ళ తరబడి సీసాలో చెరువు నీళ్ళు పట్టుకెళ్ళి ల్యాబులో ఆ అంకె రాయించుకొస్తున్నారు. కుబుసం విడిచిన రొయ్యకి కొత్త పెంకు గట్టిపడాలన్నా, కోరల్‌కి ఎముక పెరగాలన్నా కావలసింది ఆ కాల్షియం, ఆ ఆల్కలినిటీలే. ఆయన లెక్క పీపీఎంలో. నా అంకెల్ని 17.9తో గుణించి చెప్పా.

"రాత్రికి రాత్రి యాభై పెంచావా? చెరువులో సున్నం కూడా విడతలుగా చల్లుతాం కదరా. నువ్వు చూళ్ళేదా?"

చూశా నాన్నా. చేతిలో ఎంసెట్ పుస్తకం పెట్టుకుని గట్టుమీద కూర్చునే చూశా.

ఇప్పుడు సోడా నీళ్ళు చిన్న పంపుతో రోజంతా చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆల్కలినిటీ 8 దగ్గర, కాల్షియం 420 పీపీఎం దగ్గర కదలకుండా ఉన్నాయి. ఫాస్ఫేటు సున్నా కాకుండా 0.05 ఉంచుతున్నా. ఒక కొమ్మ మొదట్లో మాత్రం ఊదారంగు మిగిలింది. నాన్న ప్రతి ఆదివారం నాకన్నా ముందు దాన్నే అడుగుతున్నారు. ఖరీదు ఇంకా అడగలేదు.