పటాలం పాద్రీకి జీతమెవరు ఇవ్వాలి?

హిజ్లీ వెళ్ళినప్పుడల్లా పాత జైలు భవనం ముందు కాసేపు నిలబడతాను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తెలుగువాళ్ళ పిల్లల్లో నేనొకణ్ణి. మాకది సైకిలు మీద వెళ్ళి చూసొచ్చే చోటు. 1930లో అక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం పెట్టారు. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త చనిపోయారు. 1944లో అమెరికా 20వ బాంబర్ కమాండ్ వచ్చి దిగింది. ఈ చుట్టుపక్కల మైదానాల నుంచే బి-29 విమానాలు చైనా మీదుగా జపాను దాకా వెళ్ళి బాంబులు వేశాయి. 1951లో ఆ భవనంలోనే మొదటి ఐఐటీ మొదలైంది.

సైన్యం ఎక్కడ దిగితే అక్కడికి వంటవాడు, డాక్టరు, వాళ్ళ వెనకే పాద్రీ వస్తారు. ఇంగ్లీషులో చాప్లిన్ అంటారు (చార్లీకి చుట్టం కాదు). తెల్లవాళ్ళ హయాంలో సైనికులకూ అధికారులకూ ఆంగ్లికన్ పాద్రీలను పెట్టి, జీతాలు భారత ఖజానా నుంచి ఇచ్చేవారు. 1813 చట్టంతో కలకత్తా బిషప్ జీతం కూడా అందులోంచే. అంటే ఉప్పు పన్ను కట్టిన గోదావరి కూలీ కూడా ఆ ప్రార్థనలకు చందా ఇచ్చినట్టే. 1930లో ఇక్కడి చర్చి చట్టప్రకారం ఇంగ్లండు చర్చి నుంచి విడిపోయింది. జీతాలిచ్చే పద్ధతి మాత్రం తెల్లవాళ్ళు వెళ్ళేదాకా విడిపోలేదు!

మా వీధిలో నంద్యాల వైపు నుంచి వచ్చిన క్రైస్తవ తాతగారు ఒకాయన ఉండేవారు. ఆయనతో నాకు రోజూ వాదనే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పెట్టుకున్నారు. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది చేరలేదు. బిషప్ చేతులు తలమీద పెట్టి అభిషేకించని అయ్యగార్లను కూడా కొత్త సంఘం అయ్యగార్లుగా ఒప్పుకుందన్నది ఆంగ్లికన్లలో పెద్ద అభ్యంతరం. నంద్యాల వాళ్ళు కలకత్తా పెద్ద బిషప్ కింద ఉన్న పాత చర్చిలోనే ఉండిపోయి, 1975లో గానీ సీఎస్ఐలో కలవలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు! ఒకే బైబిలు, ఒకే తెలుగు, తగువంతా చెయ్యి ఎవరిదని.

"ఇదండీ మీ మతం" అని నేను ఎగతాళి చేశాను. తాతగారు కోప్పడలేదు. యుద్ధంలో తన తమ్ముడు కాలికి గాయమై సైనిక ఆసుపత్రిలో పడుంటే, ఏ శాఖవాడో తెలియని పాద్రీ ఒకాయన పక్కన కూచుని ఇంటికి ఉత్తరం రాసిపెట్టాడట. "ఆ రాత్రి నా తమ్ముడు ఆయన తలమీద ఎవరు చెయ్యి పెట్టారని అడగలేదు బాబూ. నువ్వు పక్కన ఉంటే నువ్వే రాసేవాడివి. లేవు కదా!" అన్నారు.

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చాన్నాళ్ళు ఆలోచించాను.

చావుకి దగ్గరగా పనిచేసేవాడికి, పై అధికారికి చెప్పుకోలేనిది చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ అవసరం నిజం. అది దేవుడి ఉనికికి రుజువు కాదు, ఆ కుర్చీ మతానికే రాసివ్వాలనడానికి కారణమూ కాదు. నెదర్లాండ్స్ సైన్యంలో 1964 నుంచి మానవవాద సలహాదారులు కూడా ఉన్నారు. వాళ్ళు దేవుడి పేరెత్తకుండానే ఈ పని చేస్తున్నారు.

మన సైన్యంలో పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు ఉన్నారు. అందరూ జీతం తీసుకునే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లే. ఏ మతమూ లేనివాడి కోసం మాత్రం ఎవరూ లేరు. రెజిమెంటు గుడి గర్భాలయంలోకి రానన్న ఒక క్రైస్తవ లెఫ్టినెంటుని 2021లో ఉద్యోగం నుంచి తీసేశారు. 2025లో ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాయి. ఆయన నమ్మకాలు నాకు లేవు. కానీ రేపు అదే గుమ్మం దగ్గర ఒక నాస్తికుడు నిలబడితే? క్రమశిక్షణ పేరుతో పూజ చేయించగలిగితే ఇక మనస్సాక్షి స్వేచ్ఛకు అర్థమేమిటి?

చర్చి తగువులు ఇంకా తీరలేదు. అమెరికాలో ఆంగ్లికన్ల నుంచి చీలి 2009లో ఏర్పడిన చర్చిలో, సైనిక పాద్రీలను చూసే విభాగం 2025లో మళ్ళీ చీలిక ప్రకటించింది. ఏ పాద్రీకి ఎవరి అనుమతి చెల్లుతుందన్నదే గొడవ. సైనికుడు ఎవరితో మాట్లాడుకోవాలన్నది ఇందులో ఎక్కడుంది?

తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకి నేను బాకీపడ్డ జవాబు ఇది: ఉత్తరం రాసిపెట్టే మనిషికి ప్రభుత్వం జీతమివ్వాలి. ప్రార్థనకు మాత్రం నమ్మేవాళ్ళు ఇచ్చుకోవాలి. ఉత్తరం రాయడానికి మనం కూడా వెళ్ళాలి. అది చెయ్యకుండా పాద్రీని ఎగతాళి చేసే హక్కు మనకి లేదు.