ఉక్కు నగరంలో చెత్తకుండీ ఎవరిది?

చలిదేశాల అధునాతన డబ్బాలు జంషెడ్‌పూర్‌కు పనికొస్తాయా అన్నది చిన్న ప్రశ్న. వాటిని ఎవరు ఖాళీ చేయాలన్నదే పెద్ద ప్రశ్న

బిష్టుపూర్ వీధుల్లో పొద్దున్నే తిరిగేవారికి జంషెడ్‌పూర్ ఒక పద్ధతి ప్రకారం కట్టిన ఊరని వెంటనే తెలిసిపోతుంది. రోడ్డుకు రెండువైపులా చెట్లు, వరుసగా కంపెనీ క్వార్టర్లు, వేళకు వచ్చే చెత్త బండి. సాక్చి దాటి, వంతెన మీదుగా సువర్ణరేఖ అవతలి ఒడ్డున ఉన్న మానగోకు వెళితే మాత్రం సన్నివేశం మారిపోతుంది. సందులు ఇరుకు, జనం కిక్కిరిసి ఉంటారు. కుండీ నిండి చెత్త రోడ్డు మీదకు పొర్లడం అక్కడ ఎవరినీ ఆశ్చర్యపరచదు. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క నదే.

ఈ తేడాకు వందేళ్ల చరిత్ర ఉంది. వీధులు విశాలంగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని జంషెడ్జీ టాటా 1902లోనే కొడుకు దోరాబ్జీకి లేఖ రాశారు. కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర వెలసిన కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. నీరు, కరెంటు, రోడ్లతోపాటు చెత్త ఎత్తడం కూడా కంపెనీ బాధ్యతే అయింది. కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగువారు కూడా ఈ ఏర్పాటులోనే స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని రామమందిరం, కదమాలోని ఆంధ్రా అసోసియేషన్ వారు వదిలిన గుర్తులే.

2003లో పట్టణ సేవల కోసం కంపెనీ జుస్కో పేరుతో విడిగా ఓ సంస్థను ఏర్పాటు చేసింది. ఇప్పుడది టాటా స్టీల్ యుఐఎస్ఎల్. వ్యర్థ ప్లాస్టిక్‌ను తారులో కలిపి రోడ్లు వేసిన ఘనత దానికుంది. కానీ ఊరు కంపెనీ హద్దుల్లోనే ఆగిపోలేదు. మానగో, జుగ్సలాయి, ఖర్కాయి నది అవతలి ఆదిత్యపూర్ వేర్వేరు పురపాలక సంస్థల కిందికి వస్తాయి. జంషెడ్‌పూర్‌లో నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉందే తప్ప ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. 74వ రాజ్యాంగ సవరణ పారిశ్రామిక పట్టణాలకు ఇచ్చిన మినహాయింపును వాడుకుంటూ 2023 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. శుభ్రమైన వీధులా, ఓటు హక్కా అన్న పాత వివాదం దాంతో మళ్లీ రాజుకుంది.

మంచుదేశం మందు

చెత్త నిల్వకు చలిదేశాలు కనిపెట్టిన ఉపాయాలు ఆసక్తికరమైనవి. ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణానికి చెందిన మొలోక్ సంస్థ 1991 నుంచి సగానికి పైగా భూమిలో పాతిపెట్టే లోతైన డబ్బాలను తయారు చేస్తోంది. లోపల నేల చల్లగా ఉండటంతో వేసవిలోనూ చెత్త త్వరగా కుళ్లదు. కరెంటు ఖర్చూ లేదు. అమెరికాలో పుట్టిన బిగ్‌బెల్లీ డబ్బా సౌర విద్యుత్తుతో చెత్తను నొక్కి కుదిస్తుంది, నిండగానే కబురు పంపుతుంది. లారీ ట్రిప్పులు తగ్గి డీజిల్ మిగులుతుంది. అయితే గడ్డకట్టే చలిలో బ్యాటరీల శక్తి తగ్గుతుంది. తడి చెత్త డబ్బా గోడలకు అతుక్కుపోతుంది కూడా. మనదేశంలో లేహ్ సమీపంలోని చోగ్లామ్‌సర్‌లో సౌరశక్తితో నడిచే చెత్త కేంద్రం ఉంది. ఎండ పుష్కలంగా ఉన్న ఆ చలి ఎడారికి అది చక్కగా అమరింది.

జంషెడ్‌పూర్ సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ డిసెంబర్, జనవరి రాత్రులు చలిగా ఉన్నా మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెండు మీటర్ల లోతున నేల వేడి దాదాపు ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. ఫిన్లాండ్‌లో అది చల్లదనం. జార్ఖండ్‌లో మాత్రం 25 డిగ్రీల పైచిలుకు, అంటే కూరగాయల తొక్కలు, అన్నం మెతుకులు హాయిగా పులిసే వేడి. మన చెత్తలో తడిదే ఎక్కువ. దాన్ని నొక్కితే నీరు కారుతుంది, ఆ నీటికి దారి చూపకపోతే డబ్బానే దుర్వాసన కేంద్రమవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు, కర్మాగారాల దుమ్ము సౌర ఫలకాలకు పరీక్షే.

అందుకే ఇక్కడ శక్తిని ఆదా చేసే అసలు సాధనం వంటింట్లోనే ఉంది. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. తడి చెత్త ఏ రోజుది ఆ రోజు ఎరువు గుంటకు చేరితే, మిగిలిన పొడి చెత్తకు మామూలు మూత డబ్బా చాలు. నొక్కే యంత్రం కూడా అక్కడే బాగా పనిచేస్తుంది.

స్వచ్ఛ సర్వేక్షణ్ లీగ్ 2020 తొలి రెండు త్రైమాసికాల్లో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాల్లో జంషెడ్‌పూర్‌దే మొదటి స్థానం. ఆ గౌరవం దక్కిన పేరులోకి మానగో, జుగ్సలాయి రావు. కానీ వాటి కాలువల్లోని నీరు చేరేది ఈ నదుల్లోకే. సోనారి దగ్గర దోముహానీలో ఖర్కాయి, సువర్ణరేఖ కలిసే చోట ఏ చెత్త ఏ పాలక సంస్థదో నీటికి తెలియదు. డబ్బా ఎంత అధునాతనమైనా, హద్దు దగ్గర ఆగిపోయే బండి దాన్ని ఖాళీ చేయలేదు. నదికి రెండువైపులా వేళకు వచ్చే ఒకే బండి, అది రాకపోతే నిలదీయడానికి ఒక ప్రజాప్రతినిధి. ఉక్కు నగరానికి ముందుగా కావలసిన ఆధునికత అదే.