గుళ్లో గిటారు

సంగీత సభల్లో డబ్బుతో నడిచేవి కొన్ని, చాపలతో నడిచేవి కొన్ని. మొదటి రకంలో టిక్కెట్టు వుంటుంది, కార్యదర్శి వుంటాడు, ముందువరుసలో కునుకు తీసే పెద్దమనిషీ వుంటాడు. రెండో రకంలో చాపలు పరిచినవాడే డోలక్ వాయిస్తాడు, మైకు తెచ్చినవాడే ప్రసాదం పంచుతాడు. ఎవరూ ఎవరికీ కాణీ ఇచ్చుకోరు. మా ఊరి భజన మందిరం ఈ రెండో జాతిది.

మా ఊరంటే ఇబ్రహీంపట్నం. హైదరాబాదు పక్కనున్నదనుకునేరు, అది కాదు. బెజవాడ దగ్గర కృష్ణ ఒడ్డునున్నదీ కాదు. మెట్‌పల్లి దగ్గర, జగిత్యాల జిల్లాలోది. పసుపు పండిస్తాం, బీడీలు చుడతాం, కొడుకుల్ని దుబాయి పంపిస్తాం. ఈ మూడో పని వల్లనే మందిరానికి చిక్కు వచ్చి పడింది. డోలక్ పట్టే చేతులు దుబాయిలో వున్నాయి, తాళం వేసే చేతులు మస్కట్‌లో వున్నాయి. శనివారం భజనకు మిగిలేది అరవై దాటిన మేం ఏడెనిమిది మందిమీ, ఒక హార్మోనియమూను.

అట్లాంటి రోజుల్లో, రెండు నెలల సెలవు మీద వచ్చిన మా వీధి కుర్రవాడొకడు భుజాన గిటారు తగిలించుకుని వచ్చాడు. "సారూ, శనివారం భజనల నేను గూడ వాయిస్త" అన్నాడు. వాడు అక్కడ ఓ హోటలు వంటింట్లో పని చేస్తాడు. రాత్రుళ్లు అక్కడ వాయించే ఫిలిప్పీను బృందంలోని గిటారు ఆయన, గిన్నెలు తోమడం అయ్యాక వీడిని కూర్చోబెట్టుకుని నేర్పాడట. సినిమా పాటలు కూడా కాదండీ, జాజ్!

అమెరికాలో నల్లజాతివారు 20వ శతాబ్దం తొలినాళ్లలో న్యూ ఆర్లియన్సులో పెంచి పెద్దచేసిన సంగీతం అది. అందరూ కలిసి ఒక వరస ఎత్తుకుంటారు. ఆపైన ఒక్కొక్కరే దాన్ని పట్టుకుని తమకు తోచినంత దూరం పోయి, మళ్లీ మొదటికి వస్తారు. మన ఒగ్గుకథకుడు చేసేది మాత్రం ఏమిటి? కథ మల్లన్నదే. కాని ఎదుట కూచున్న వాళ్ల మొహాలు చూసి, మాటలు ఆ రాత్రికి ఆ రాత్రే అల్లుకుంటాడు.

మందిరంలో హార్మోనియం వాయించే పెద్దాయన ససేమిరా అన్నాడు. "గుడిల గిటారేంది సారూ? ఇయ్యాల గిటారు, రేపు డాన్సులు."

"అన్నా, నీ ముందట వున్న పెట్టె యాడ పుట్టిందనుకున్నవ్?" అన్నాను.

హార్మోనియం 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. కాళ్లతో తొక్కే దాన్ని కలకత్తాలో చేత్తో ఊదే పెట్టెగా మార్చారు. గమకం పలకదన్న నేరం మీద ఆలిండియా రేడియోవారు 1940లో దాన్ని గుమ్మం బయట నిలబెట్టారు, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఇదంతా చెప్పాను. ఆయన మెట్ల మీది చెయ్యి తీశాడు గాని ఒప్పుకోలేదు. "పాతది గద, అలవాటైంది" అన్నాడు.

అలవాటు కావాలంటే ముందు ఎవరో ఒకరు చోటివ్వాలి గదా! ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చూడండి. 1969లో పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్టు వాయించేవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవాడు, కుర్రవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చింది. దానికి నాలుగు జంటల తీగలు. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ కరెంటు మాండలిన్ పట్టుకుని, జంటలు తీసేసి, అయిదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. నాదం నిలిచింది, గమకం పలికింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశాడు. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. 1983లో పశ్చిమ బెర్లిన్‌లో జాజ్ ఉత్సవంలోనే వాయించాడు.

అటువైపు జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండు గిటారు విద్వాంసుడు. 1969లో మైల్స్ డేవిస్ పక్కన జాజ్ వాయించినవాడు. వీణ నేర్చుకున్నాడు. 1970ల్లో మనవాళ్లతో కలిసి శక్తి బృందం పెట్టాడు. గమకం కోసం గిటారు మెట్ల నడుమ కర్రను గుంటలుగా చెక్కించుకున్నాడు. తర్వాత ఆయనా, మన పాలకొల్లు అబ్బాయీ ఒకే వేదిక మీద కూర్చుని లోకమంతా తిరిగారు. మెట్ల చిక్కును చెరొక వైపు నుంచి విప్పుకుంటూ వచ్చి కలుసుకున్నారన్నమాట. 2014లో, నలభై అయిదేళ్లకే, శ్రీనివాస్ పోయాడు.

పెద్దాయన అంతా విని, "ఆ పిలగాడు త్యాగయ్య కీర్తనలు వాయించిండు. వీడేం వాయిస్తడు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పవలసింది నేను కాదు. రోజూ పాడే భజన వరస తప్ప వేరేది ముట్టుకోకూడదన్న షరతు మీద వాడికి అనుమతి దొరికింది.

శనివారం వాడు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చాడు. స్పీకరు పెట్టె లేదు. మైకునే గిటారు దగ్గరికి వంచాం. మొదట వరస ఉన్నదున్నట్టు వాయించాడు. అందరూ తలలూపారు. తర్వాత వదిలాడు చూడండి! ఎక్కడికి పోతున్నాడో మాకు తెలియలేదు. డోలక్ తప్పింది. ఇద్దరు ముసలమ్మలు కొంగులు దులుపుకుని లేచారు. కుర్రవాడికి చెమటలు పట్టాయి. అప్పుడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, హార్మోనియం మీద షడ్జం నొక్కి పట్టాడు. వదల్లేదు. వాడు దాన్ని ఆసరా చేసుకుని మెల్లగా దిగివచ్చి, పల్లవి దగ్గర వాలాడు. ముసలమ్మల్లో ఒకామె మళ్లీ కూచుంది.

ప్రసాదం పంచుతున్నప్పుడు పెద్దాయన, "మల్ల ఎప్పుడొస్తవ్‌రా?" అని అడిగాడు.

"రెండేండ్లకు, తాతా."

"గంత దాంక ఎవడు ఆగుతడు? దిగొచ్చేటప్పుడు వాయించినవ్ సూడు, గది నాకు జెప్పి పో."

వాడి విమానం బుధవారం. ఆది, సోమ, మంగళవారాలు మూడు సాయంత్రాలూ ఆయన అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. ఇప్పుడు ఆయన ప్రతి శనివారం పల్లవి ముందు ఆ ముక్క వాయిస్తున్నాడు. స్వరాలన్నీ వస్తున్నాయి గాని, తీగ మీద వాడు జార్చిన జారుడొక్కటి మాత్రం హార్మోనియానికి లొంగడం లేదు. అక్కడికి రాగానే నోటితో పాడేస్తున్నాడు.