ఫిజియో రాని రోజుల్లో

పక్షవాతం వచ్చిన మనిషిని ఏలూరులోనో భీమవరంలోనో బతికించి ఇంటికి పంపుతారు. డిశ్చార్జి కాగితం అడుగున "ఫిజియోథెరపీ చేయించవలెను" అని ఒక ముక్క ఉంటుంది. ప్రతి మాత్రకూ మోతాదు, వేళ రాసిన డాక్టరు నెలల తరబడి సాగాల్సిన ఈ పనికి మాత్రం ఏమీ రాయడు. ఎవరు చేయించాలి, రోజూ ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి? ఏదీ ఉండదు.

ఆ కాగితం పట్టుకుని కలిదిండిలో మా దగ్గరికి వచ్చినవాళ్లకు దొరికేది వారానికి రెండు రోజులు వచ్చే ఫిజియోథెరపిస్టు, రోజూ ఉండే ఒక సహాయకురాలు. ఆమె ఇంటర్ చదివింది. ఇక్కడికి రాకముందు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. ఊళ్లో అందరూ "కరెంటు పెట్టే అమ్మాయి" అంటారు గానీ, ఆమె చేసే పనిలో ఆ కరెంటు యంత్రం వాటా చాలా తక్కువ. మనిషిని మంచం మీద నుంచి లేపడం, కాళ్ల మీద నిలబెట్టడం, అడుగు వేయించడం, మొదటివారం భయపడి ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పడం, ఇదంతా ఆమెదే. కొల్లేటి లంకల నుంచి బండి మాట్లాడుకుని వచ్చేవాళ్లకు వారంలో ఏ రోజు కుదిరితే ఆ రోజే ఫిజియో రోజు. మన క్యాలెండరు వాళ్లకు పట్టదు.

చేపల చెరువు మీద కాపలా ఉండే ఒకాయనకు ఎడమ పక్క పడిపోయింది. పిల్లలు మంచివాళ్లు, ఓపిక ఉన్నవాళ్లు. పొద్దున్నే తండ్రిని లేపడానికి ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి లాగేవాళ్లు. పావురం రక్తంతో మర్దన కూడా అయింది. ఈ ప్రాంతంలో అది కాకుండా పక్షవాతం ఆసుపత్రికి రావడం అరుదు. నెల తిరిగేసరికి ఆయనకు నడక కంటే భుజం నొప్పే పెద్ద బాధ అయి కూర్చుంది. కండరాలు పట్టు తప్పిన చేతిలో ఎముక బరువుకే గూటి నుంచి కిందికి జారుతుంది. ఆ చేతిని పట్టి లాగితే ఇంక చెప్పేదేముంది! ఫిజియోథెరపిస్టు పరీక్షించి, భుజానికి ఆసరా ఇచ్చి, చెయ్యి ఎంతవరకు ఎత్తవచ్చో కార్డు మీద రాసిచ్చి వెళ్లారు. దాన్ని ఇంట్లో అమల్లో పెట్టింది మా సహాయకురాలే. "అన్నా, ఆ చెయ్యి వదిలెయ్యండి, నడుం దగ్గర పట్టుకోండి" అని కొడుకులకు, తువ్వాలు నడుముకు చుట్టి ఎలా లేపాలో కోడలికి చూపించింది. కోడలు నేర్చుకున్నాక ఆయన నిలబడ్డాడు. డాక్టరుగా నేను చేసిందల్లా బీపీ మాత్ర వేళ మార్చడం. అది కూడా, "బాబాయికి పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయి సార్" అని ఆమె చెబితేనే.

పర్యవేక్షణ అంటే పక్కన నిలబడి చూడటమని చాలామంది అనుకుంటారు. కలిదిండిలో అది కుదిరే పని కాదు, ఏలూరులో కూడా పూర్తిగా కుదరదు. నా లెక్కలో పర్యవేక్షణ అంటే, అనుకోనిది ఎదురైనప్పుడు ఆ సహాయకురాలు ఏం చేస్తుందో ముందే తెలిసి ఉండటం. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక మామ్మగారి సంగతి చెబుతాను. ఫిజియో రాని రోజు. కార్డు ప్రకారం పాదం పైకీ కిందికీ ఆడించాలి, వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయించాలి. ఒక కాలి పిక్క రెండోదానికంటే లావుగా, వేడిగా ఉందని మా సహాయకురాలు చూసింది. "మంచం పట్టినవాళ్లకి వాపు రాదేంటమ్మా, నువ్వుల నూనె రాసి బాగా పిసుకు" అన్నారు ఇంటివాళ్లు. ఆమె చెయ్యి వేయలేదు, నడిపించనూ లేదు. ముందు నాకు, తర్వాత ఫిజియోథెరపిస్టుకు ఫోను చేసింది. ఏలూరు పంపి డాప్లరు తీయిస్తే సిరలో రక్తం గడ్డ ఉన్నట్టు తేలింది. ఆ పిక్కను పిసికి ఉంటే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉండేది. ఆ జబ్బు పేరు పలకడానికి ఆమెకు అప్పటికి నోరు తిరగదు. పిక్క ఒక్కటే వాస్తే ఏమీ చేయకుండా ఫోను చేయాలని మాత్రం కార్డు వెనక రాసి ఉంది.

అలాంటి కార్డు లేనిచోట ఏమవుతుందో కూడా చూశాను. మరో ఊళ్లో ఒక ఫిజియో సెంటరు నుంచి ఒకాయన పాదం మీద బొబ్బలతో వచ్చాడు. ఏళ్లుగా చక్కెర వ్యాధి, అరికాళ్లకు స్పర్శ లేదు. కాపడం పెట్టిన కుర్రాడు "వేడి ఎక్కువగా ఉందా?" అని అడిగాడట, ఈయన లేదన్నాడట. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. స్పర్శ ఉందో లేదో మొదటిరోజే పరీక్షించి, వేడి వద్దని రాయాల్సిన పని ఆ కుర్రాడిది కాదు. చెరువుల్లో వలలు లాగి, మేత బస్తాలు మోసి నడుం నొప్పితో వచ్చేవాళ్లలో చక్కెర ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్ల పాదానికి పుండు పడినా దాన్ని మళ్లీ చెరువు నీళ్లలో పెట్టక తప్పదు. తిట్లు మాత్రం కుర్రాడికే పడ్డాయి, ఉద్యోగం కూడా పోయింది.

ఇక చట్టం సంగతి. పార్లమెంటు 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆరోగ్య సంరక్షణ నిపుణుడికి కనీసం 3,600 గంటల చదువు, అనుబంధ నిపుణుడికి కనీసం 2,000 గంటలు ఉండాలంది. ఫిజియోథెరపీకి ఒక వర్గం దక్కింది. అందులో ఫిజియోథెరపిస్టు ఉన్నాడు, సహాయకుడి ఊసు లేదు. అమెరికాలో అక్కడి ఫిజికల్ థెరపీ సంఘం 1967లోనే సహాయకుల వృత్తికి దారి వేసింది. రెండేళ్ల చదువు, లైసెన్సు. 1969కల్లా తొలి బృందం చదువు ముగించింది. వాళ్లు వ్యాయామం చేయించవచ్చు. తొలి పరీక్ష చేయడం, చికిత్స ఎలా సాగాలో నిర్ణయించడం మాత్రం ఫిజియోథెరపిస్టుదే. మన దగ్గర ఆ గీత ఎవరూ గీయలేదు కాబట్టి ఒకచోట కుర్రాడు యంత్రం నొక్కడానికే పరిమితం, ఇంకోచోట అతనే డాక్టరు. బోర్డు మీద పేరు ఒకరిది, లోపల చేతులు ఇంకొకరివి.

మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు నడిపే భవిత కేంద్రాలనూ చూడండి. అక్కడికీ ఫిజియోథెరపిస్టు కొన్ని రోజులే వస్తారు. మిగతా రోజులు మెడ నిలవని పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకునేది టీచరు, ఆయా, తల్లి. వాళ్లకు నేర్పడానికి వెచ్చించిన గంట వృథా అని ఏ ఫిజియో అన్నా నేను ఒప్పుకోను.

వీడియో కాల్ ఉందిగా అంటారు కొందరు. నడక చూడటానికి పనికొస్తుంది. కండరం ఎంత బిగుసుకుందో చెయ్యి వేస్తేనే గాని తెలియదు. అందుకే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది: కొత్త రోగిని ఫిజియోథెరపిస్టు స్వయంగా చూడకుండా సహాయకురాలు మొదలుపెట్టదు, ఆమె తనంతట తాను వ్యాయామం తగ్గించవచ్చు గానీ పెంచకూడదు. "ఎల్లుండి చెరువు పట్టుబడి ఉందమ్మా, కాస్త గట్టిగా లాగు" అని భుజం బిగుసుకున్న రైతులు బతిమాలుతారు. కుదరదని చెప్పగలగాలంటే వెనక మేము ఉన్నామన్న నమ్మకం ఆమెకు ఉండాలి. దాంతోపాటు జీతం కూడా. బాధ్యత తెలిసిన మనిషికి ఊడ్చే మనిషి జీతం ఇస్తే ఆమె మళ్లీ రొయ్యల షెడ్డుకే పోతుంది. అక్కడ ఎవరి పిక్కా చూడక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఫిజియో మొదలైతే, చేయించే అమ్మాయినో అబ్బాయినో చదువు గురించి నిలదీయకండి. ఫిజియోథెరపిస్టు రాసిన కార్డు చూపించమనండి. అందులో మీ చక్కెర, బీపీ, ఆపరేషన్ల సంగతి, ఎప్పుడు ఆపాలి, ఎవరికి ఫోను చేయాలి అన్నది ఉండాలి. కార్డు లేకపోతే ఆ రోజుకు కరెంటూ కాపడమూ పెట్టించుకోకుండా ఇంటికి వెళ్లిపోండి.