మాటల మగ్గం

అనంతపురం నుండి కదిరికి పోయే దారిలో, ధర్మవరానికి చేరువగా ఉన్న ఊరు బత్తలపల్లి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. చుట్టూ వేరుశనగ చేలు, చీనీ తోటలు. ధర్మవరం వైపు పట్టు మగ్గాలు. ఇటువంటి ఊళ్ళలో తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించి, జూనియర్ కళాశాలలో ఆంగ్ల మాధ్యమాన అడుగుపెట్టిన విద్యార్థికి తొలి వారాలలోనే ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. నిన్నటిదాకా 'కిరణజన్య సంయోగక్రియ'ను బొమ్మ గీసి మరీ వివరించినవాడు, 'ఫోటోసింథసిస్' అన్న మాట వినగానే తల వంచుకొంటాడు. తెలిసిన సంగతే తెలియనిదైపోతుంది. తాను చదువుకు తగననే దిగులు అక్కడే మొలకెత్తుతుంది. కొందరి విషయంలో చదువు మానివేయడానికి కూడా అదే తొలిమెట్టు.

నిజానికి ఆ రెండు మాటల నడుమ దూరం స్వల్పమే. గ్రీకు మూలంలో 'ఫోటో' వెలుగును, 'సింథసిస్' కూర్పును తెలుపుతాయి. తెలుగు పాఠ్యపుస్తకంలోని పారిభాషిక పదం ఆ భావాన్నే సంస్కృత పదాలలో పొదిగింది. రెండింటిలో ఏది పలకడం కష్టమో పసివాడి నాలుకనే అడగాలి! అర్థం అతని చేతిలోనే ఉన్నది, కొత్తది పేరొక్కటే. ఈ ఒక్క మాట చెప్పేవారు లేకనే ఎందరో బెదిరిపోతారు.

ఆంగ్ల పదాలను బడిలో నేర్పే తీరును కూడా కొంత పరిశీలించాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకాల సంచితో పాటు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా అందింది. మంచి కానుకే. అయితే నిఘంటువు వెదుక్కోవడానికి ఏర్పడిన గ్రంథం. దానిలోని అకారాది క్రమం వెదికే కంటికి అనుకూలం, గుర్తుంచుకొనే మనసుకు కాదు. ఒకే అక్షరంతో మొదలవుతాయన్న కారణంతో పొంతన లేని పది మాటలను వరుసగా వల్లెవేయిస్తే, మరునాటికి రెండైనా మిగలవు.

మన పూర్వులు ఈ చిక్కును మరొక విధంగా పరిష్కరించుకొన్నారు. అమరసింహుడు తన కోశాన్ని వర్గాలుగా విభజించాడు. ఆకాశానికి ఒకటి, కాలానికి ఒకటి, చెట్లకు, ఓషధులకు ఒకటి, మృగాలకు ఒకటి. ఆ వర్గాలను శ్లోకాలలో ఇమిడ్చినందువల్ల వీధిబడి పిల్లలు సైతం పాడుకొంటూ పదాలు నేర్చారు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి 'ఆంధ్రనామసంగ్రహము' కూడా ఆ బాటలో వెలసినదే. లండనులో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు 1852లో ప్రచురించిన ఆంగ్ల పర్యాయపద కోశంలోనూ మాటలు అర్థాన్ని బట్టి గుంపులు కట్టాయి. ఇద్దరి నడుమ ఎన్ని శతాబ్దాలున్నా, మనిషి మనసు మాటలను దాచుకొనే తీరు మారలేదు.

ఆ 1852లోనే తెలుగు–ఆంగ్ల నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కథ సీమ విద్యార్థులకు మరింత దగ్గరిది. ఆయన 1820లో, ఇరవై రెండవ ఏట, ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. నేటి విద్యార్థి ఆంగ్లం ముందు నిలిచినట్లే ఆనాడు ఆయన తెలుగు ముందు నిలిచాడు. కడపలో బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులను పోషించి, కావ్యాలను పరిష్కరింపజేస్తూ భాష నేర్చుకొన్నాడు. కావ్యభాషతో ఆయన తృప్తిపడలేదు; కచేరీలలో, అంగళ్ళలో వినిపించే మాటలకు కూడా పుస్తకంలో చోటిచ్చాడు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో వేరుగా ఒక మిశ్రభాషా నిఘంటువునే కూర్చాడు. పరభాషను బ్రతుకు పక్కన పెట్టుకొని నేర్వడమంటే అది.

బత్తలపల్లి పిల్లలకు ఆ బ్రతుకు పొలంలోనూ మగ్గంలోనూ ఉన్నది. నేతగాని కూతురికి 'వార్ప్' అంటే పడుగు, 'వెఫ్ట్' అంటే పేక అని ఒక్కసారి చెబితే చాలు, జన్మలో మరవదు. ఆ రెండు ఆంగ్ల పదాలూ తెలిసిన పట్టణవాసులలో పడుగేదో, పేకేదో వేలుపెట్టి చూపగలవారు ఎందరు? వేరుశనగ సంగతి మరీ వింత. ఆంగ్లంలో అది 'గ్రౌండ్‌నట్', అనగా నేల గింజ. తెలుగులో వేరు శనగ. వృక్షశాస్త్రం ప్రకారం ఆ కాయ వేరుకు కాయదు. పూత రాలిన తరువాత ఊడ ఒకటి నేలలోకి దిగి, దాని కొనకు కాయ ఊరుతుంది. రైతుబిడ్డ ఇది ప్రతి ఏటా చూస్తూనే ఉంటాడు. ఆ ఊడను ఆంగ్లంలో 'పెగ్' అంటారు. గోడకు కొట్టిన కొయ్యకూ, బట్టలు ఆరవేసే క్లిప్పుకూ కూడా అదే పేరు. ఒక మాటకు ఒకే అర్థమని బట్టీపట్టినవాడు తడబడే చోటు ఇది. చేను చూసినవాడు తడబడడు.

ఉచ్చారణ గురించి ఇంత బెంగ అక్కరలేదు. తెలుగు అజంత భాష కనుక బస్, కార్ అన్న మాటలు బస్సు, కారు అయినాయి. వాటిని నవ్వులాటకు గురిచేసే ఉపాధ్యాయుడు పిల్లవాని నోరు మూయించడం తప్ప సాధించేది లేదు.

పదాల రాకపోకలు రెండు దిక్కులా సాగాయి. ఆంగ్లేయులు ఈ నేలపై చూసిన పందికొక్కును 'బాండికూట్' అని పలికారు. ఆ మాట వారి నిఘంటువులకెక్కింది; సముద్రం దాటి ఆస్ట్రేలియాలో, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకు పేరుగా స్థిరపడింది. సంచిలోని నిఘంటువు తెరచి ఆ పదం కనుగొన్న బడిపిల్లవాడు, తన ఇంటి వేరుశనగ వామి కింద బొరియలు తవ్వే ప్రాణిని తలచుకొని నవ్వుకొంటాడు. ఆ పూట నేర్వవలసిన పది మాటలలో ఒకటి అతనికి ముందే వచ్చు.