గాజుపాత్రలలో కానరాని గాయము

బెంగుళూరు నగరమున హోసూరు రోడ్డు పొడవునా సాగెడి వాహనముల ఘోషను గోడ కావల విడిచి లోనికి అడుగిడినచో, మన సీమవారు ‘నిమ్హాన్స్’ అని పిలుచుకొనెడి జాతీయ మానసికారోగ్య నాడీశాస్త్ర సంస్థ వృక్షచ్ఛాయల నడుమ విశాలముగా కనబడును. మైసూరు సంస్థానము నాటి మానసిక వైద్యశాలయు, 1954లో దాని సరసన వెలసిన అఖిల భారత మానసికారోగ్య సంస్థయు 1974లో ఏకమై యీ రూపమును దాల్చినవి. కదిరి, హిందూపురము, మదనపల్లె, పలమనేరు మొదలగు చోట్లనుండి చీకటితోనే బస్సెక్కి వచ్చినవారు ఓ.పి. చీటీలు చేతబట్టుకొని, సద్దిమూటలు ఒడిలో నుంచుకొని, బల్లలపై వరుసగా కూర్చుండియుందురు. కన్నడముతో పాటు అచటి గాలిలో తెలుగును విరివిగా వినవచ్చును. పిచ్చాసుపత్రి యని చిన్ననాట మనలను భయపెట్టిన తావు ఇదేనా యనిపించునంత సామాన్యముగా, ఏ జిల్లా ఆసుపత్రిలోనైనను కానవచ్చెడి సహనముతోను విసుగుతోను జనులు తమ వంతుకై నిరీక్షించుచుందురు.

నాకు చిరకాలముగా ఒక సందేహము కలదు. ఘోరమైన ఆపదనుండి చర్మమునకు గీత యైనను పడక బయటపడిన మనుష్యుడు, ఏండ్లు గడచిన పిమ్మట, నట్టింట నిశ్చింతగా కూర్చుండిన వేళ, ఆ యాపద అప్పుడే తనపై పడుచున్నట్లు ఏల కంపించును? మనస్సునకు తెలిసిన సంగతి శరీరమునకు ఏల తెలియదు? ఆ సంస్థలో మనోవైద్య శాస్త్రము నభ్యసించుచున్న మా మేనకోడలిని ఈ ప్రశ్న అడుగగా, ఆమె నవ్వి, “పుస్తకం తర్వాత చదువుదురుగాని మామయ్యా, ముందొకసారి మెదడును చేత్తో పట్టుకుని చూడండి” అని నన్ను నాడీరోగ నిదాన విభాగమునకు చేరిన మ్యూజియమునకు తోడ్కొనిపోయెను.

అక్కడ సామాన్య ప్రజలు సైతము ప్రవేశించి, చేతికి తొడుగు ధరించి, మానవ మస్తిష్కమును నిజముగనే పట్టుకొని చూడవచ్చును. ఫార్మలిన్ వాసన ముక్కుపుటములను మండించుచుండ, సుమారు 1,300 గ్రాముల బరువుగల యొక మెదడును సిబ్బందిలో నొకరు నా దోసిలిలో నుంచిరి. ఎవరి ప్రేమలో, ఎవరి లెక్కలో, ఎవరి కోపతాపములో ఇమిడియుండిన ఆ ముద్దను పట్టుకొన్నంతట నాకు కలిగినది భయము కాదు, ఒకవిధమైన సంకోచము. పేరు తెలియని పెద్దమనిషి యింటిలోనికి అనుమతి లేక చొరబడినట్లుండెను. ద్రావణమున నానినందువలన గట్టిపడినదిగాని, ప్రాణమున్నప్పుడు అది మిక్కిలి మెత్తనిదని చెప్పిరి.

చుట్టును అరలలో గాజుపాత్రలు. రక్తనాళము చిట్లి నల్లగా గడ్డకట్టిన నెత్తురుతో నొకటి, బద్దెపురుగు తిత్తులు చేరి తొలిచిన దింకొకటి, క్షయవలన పొరలు మందమైనది వేరొకటి, తలకు పెనుదెబ్బ తగిలి నలిగినది మరియొకటి. ప్రతి పాత్రయు తన కథను తానే చెప్పుచున్నది. నా కన్నులు అప్రయత్నముగా వేరొక పాత్రకై వెదకినవి: భయముచేత చెడిన మెదడేదియని. ఆ మాట పైకి అనగా మేనకోడలు తల అడ్డముగా నూపెను. అట్టిది లేదు. ఉండుటకు వీలును లేదు. ఆ గాయము కంటికి కనబడునంత స్థూలమైనది కాదు. బ్రదికియున్న మెదడు పనిచేయు తీరులో అది యుండునుగాని, పనిచేయుట మానిన మెదడులో దానిని చూపుట సాధ్యము కాదు.

అయినను స్థానము చూపవచ్చునని, అడ్డముగా కోసియుంచిన యొక ఖండమున, కణతల లోపలివైపున నొదిగియున్న బాదంపప్పంత భాగమును ఆమె వ్రేలితో చూపినది. దానిని అమిగ్డలా యందురు. దాని వెనుకనే వంపు తిరిగియున్నది హిప్పోక్యాంపస్. మొదటిది అపాయమును పసిగట్టును; రెండవది ఎప్పుడు, ఎక్కడ అను వివరములను జ్ఞాపకమునకు చేర్చును. కన్నుల కేదైన గోచరించినపుడు ఆ వార్త రెండు దారుల పోవునట. ఒకటి మస్తిష్కపు పైపొరను చేరి, విచారణ జరిపి, నిదానముగా తీర్పు చెప్పును. రెండవది ఆ విచారణకై నిలువక, నడుమనుండెడి థాలమస్ నుండి నేరుగా అమిగ్డలాకు పరుగిడును. ఈ దగ్గరి దారిని అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లెడూ ఎలుకలపై జరిపిన ప్రయోగములలో గుర్తించెను. మన వేదాంతులు త్రాటిని చూచి పామని భ్రమించువానికి దీపము చూపినంతనే భ్రాంతి తొలగునందురు. నిజమే, కాని దీపము వచ్చులోపలనే కాళ్లు వెనుకకు దూకియుండును. ఆ దూకుటకు వేదాంతము జవాబుదారి కాదు.

అమిగ్డలా హెచ్చరికతో మూత్రపిండములపై నుండెడి గ్రంథులు అడ్రినలిన్‌ను విడుచును. గుండె వేగము హెచ్చును, జీర్ణక్రియ మందగించును, కాలేయము చక్కెరను రక్తములోనికి వదలును, కండరములు బిగియును. పోరాటమునకో పలాయనమునకో దేహము సన్నద్ధమగు ఈ తీరును వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రవేత్త 1915లోనే వర్ణించియుండెను. ఇంతవరకు ఇది ప్రకృతి మనకిచ్చిన వరమే. ఆపద తొలగినంతట నుదుటి వెనుకనున్న పైపొర భాగము ‘ఇక చాలు’ నని అమిగ్డలాను అణచవలెను. పోరాడుటకును పారిపోవుటకును వీలులేని ఘోరము సంభవించినపుడు కొందరిలో ఈ అణచుట కుదరదు. జ్ఞాపకమునకు కాలము, స్థలము సరిగా అంటుకొనవు. గతించిన సంగతి గతమని గుర్తింపబడక, ఒక వాసనయో, శబ్దమో తట్టినంతనే వర్తమానమై విజృంభించును. 1996లో, ఇట్టి రోగులకు వారి కథనే చదివి వినిపించుచు మెదడును చిత్రించిన పరిశోధకులు, మాటలను కూర్చెడి ఎడమవైపు ప్రాంతమున చైతన్యము తగ్గుటను గమనించిరట. “ఏం జరిగిందో చెప్పవయ్యా” అని మనము గద్దించి అడుగునపుడు, చెప్పుటకు వలసిన యంత్రమే ఆ క్షణమున నెమ్మదించుచున్నదన్న మాట. ఈ సంగతి విన్న పిమ్మట, పూర్వము నేను ఎరిగిన కొందరి మౌనమును మొండితనమనుకొన్న బంధువులపై నాకు కొంత కినుక కలిగినది.

హిప్పోక్యాంపస్ ఈ వ్యాధిగ్రస్తులలో చిన్నదిగా నుండునని పలు పరిశోధనలు చెప్పినందున, భయమే దానిని కృశింపజేసినదని జనాదరణ పొందిన పుస్తకములు తొందరపడి వ్రాసినవి. కాని 2002లో కవల సోదరులపై జరిగిన యొక పరిశోధనము ఆ నిర్ణయమును తబ్బిబ్బు చేసినది. వియత్నాము యుద్ధమునకు పోయి వ్యాధి పాలైనవాని హిప్పోక్యాంపస్ మాత్రమే గాక, యుద్ధమునే చూడక యింటిపట్టున నుండిన వాని కవల సోదరుని హిప్పోక్యాంపస్ సైతము చిన్నదిగనే కనబడెను. చిన్నదై యుండుట గాయపు ఫలితము కంటె, గాయము నాటుకొనుటకు అనుకూలించిన పూర్వస్థితి కావచ్చునన్నమాట. ఒకే లారీలో ప్రయాణించి ఒకే ప్రమాదమునకు లోనైన ఇద్దరిలో ఒకడు నెల దిరుగునప్పటికి కోలుకొనుటకును, మరియొకడు కోలుకొనకుండుటకును ఉన్న పలు కారణములలో ఇది యొకటి యగునేమో. రెండవవాడు పిరికివాడని తీర్పు చెప్పెడి మనము ఈ కవలలను గూర్చి వినదగును.

లారీ మాట ఊరక రాలేదు. మ్యూజియమునుండి వెలువడి చెట్టుక్రింది అరుగుపై కూర్చుండియుండగా, మా తెలుగు విని పలుకరించిన యొక ఇల్లాలు తానుగనే తన గోడు చెప్పుకొనెను. ఆమె భర్త టమోటాల లోడు తోలెడి డ్రైవరు. రాత్రివేళ బండి బోల్తాపడి, ప్రక్కనున్న క్లీనరు అతని కన్నుల యెదుటనే మరణించెను. “మా ఇంటాయనకు దెబ్బ ఒక్కటి కూడా తగల్లేదు సామీ. అందుకే ఊర్లోవాళ్లు నటిస్తాండాడు అంటారు. నటించేవాడు నిద్దట్లో అరుస్తాడా? డీజిలు వాసన వచ్చినా, పెద్ద హారను ఇనపడినా ఆన్నే కూలబడిపోతాడు.” తాయెత్తులు కట్టించిరి, గుడిలో నిద్ర చేయించిరి; కడకు ఎవరో చెప్పగా ఇచటికి వచ్చిరి. ఆ మనిషి కొంచెము దూరమున గోడకు వీపు ఆనించి, వాకిలి వైపు చూచుచు కూర్చుండెను. వెనుకవైపు ఖాళీగా నుండుట ఇట్టివారికి సహింపరానిదని మేనకోడలు నాతో మెల్లగా ననెను. ఆ రోగిని గూర్చి మాత్రము, తన చికిత్సలో లేనివాడు గనుకను, ఉన్నను చెప్పరాదు గనుకను, మరేమియు పలుకలేదు.

చికిత్సను గూర్చి సామాన్యముగా ఆమె చెప్పినది నాకు మిక్కిలి వివేకవంతముగా తోచెను. ముందుగా రోగికి తన దేహము ఏమి చేయుచున్నదో తెలుపుదురు. తాను పిచ్చివాడనగుచున్నానేమో యను రెండవ భయము దానితోనే సగము తీరును. నిద్రకును ఆందోళనకును అవసరమైనచో మందులిత్తురు. పిమ్మట, నమ్మకము కుదిరిన వైద్యుని సమక్షమున, తప్పించుకొని తిరుగుచున్న ఆ జ్ఞాపకమును కొంచెము కొంచెముగా, మరల మరల, చెప్పింతురు. వెరచి మానుకొన్న పనులను ఒక్కొక్కటిగా చేయింతురు. ఆగియున్న బండిలో కూర్చుండుట యొకనాడు, ఇంజను శబ్దము వినుట యింకొకనాడు. భయము చెరిగిపోదట. పాత బండిబాట గడ్డి మొలిచినను అడుగున నుండనే యుండును. దాని ప్రక్కనుండి కొత్త రోడ్డు పడి, రాకపోకలు దానిమీదికి మరలును. అందుచేతనే ఏండ్ల తరువాత ఏ వాననాటి రాత్రియో పాత భయము తలయెత్తినంతమాత్రమున చికిత్స విఫలమైనదని దిగులుపడరాదు.

శ్వాసను నిదానించి దేహమును శాంతపరచుటకు యోగమును సైతము ఇచట నేర్పుదురు. దానివలన కొందరికి మేలు కలుగుటలో నాకు సందేహము లేదుగాని, సర్వరోగములకును అదియే మందనెడి మనవారి ఉత్సాహమును ఈ సంస్థలోనివారు పంచుకొనకపోవుట నాకు నచ్చినది.

ఆపదల పాలైనవారిని ఆదుకొనెడి విద్యను ఈ సంస్థవారు కష్టముతో నేర్చిరి. 1981 ఫిబ్రవరిలో ఇదే నగరమున సర్కసు డేరా అంటుకొని తొంబదిమందికి పైగా, వారిలో పిల్లలే యధికముగా, మరణించినపుడు, పోయినవారి బంధువుల శోకమును ఈ సంస్థవారు శ్రద్ధతో పరిశీలించిరి. అటుపిమ్మట 1984 నాటి భోపాల్ విషవాయువు, 1999 నాటి ఒరిస్సా తుపాను, 2004 నాటి సునామీ. పెను విపత్తులు నేర్పిన పాఠము కొంత విపరీతముగా తోచును: ఆపద గడచిన వెంటనే బాధితులను కూర్చుండబెట్టి జరిగినదంతయు ఒక్కసారిగా కక్కించుటవలన మేలు కలుగదు. కూడు, గూడు, తప్పిపోయినవారి ఆచూకి, చేయుటకు పని, ప్రక్కన కూర్చుండి తొందరపెట్టక వినెడి మనుష్యుడు — ఇవి సమకూడినచో అధికులు కాలక్రమమున తమంత తామే కోలుకొందురు. కోలుకొనలేని కొందరినే గుర్తించి వైద్యుని వద్దకు చేర్పవలెను. అందులకు వైద్యులు చాలరు గనుక, ఊరివారికే శిక్షణ నిచ్చు పద్ధతి యేర్పడినది. తెలుగు మాటలాడువారు ఎందరో నివసించెడి బళ్లారి జిల్లాలో ఈ సంస్థ చేసిన ప్రయోగమే 1996లో ప్రారంభమైన జిల్లా మానసికారోగ్య పథకమునకు మాదిరి యైనది.

అయినను ఆ డ్రైవరు దంపతులు తెల్లవారకమునుపే బస్సెక్కి యింత దూరము రావలసియే వచ్చినది. ఆ బస్సులో అతడు కన్నులు మూసుకొని, భార్య కొంగును పిడికిట పట్టుకొని కూర్చుండెనని ఆమె చెప్పినది. మరల నెలకు రమ్మనిరట. మేనకోడలు తన సంచిలోనుండి కాగితము తీసి, దానిపై 14416 అని పెద్ద అంకెలతో వ్రాసి యిచ్చెను. అది టెలిమానస్ అను ప్రభుత్వపు ఫోను సహాయము. 2022లో ప్రారంభమైనది, రుసుము లేదు.

“తెలుగులో మాట్లాడతారా పాపా?”

“మాట్లాడతారమ్మా. రాత్రి అయినా చెయ్యొచ్చు.”

ఆ యిల్లాలు కాగితమును మడిచి, మందుల చీటీతో పాటు రవికలో దాచుకొని, ఒక్క నిమిష మాలోచించి, అట్టిదే యింకొక కాగితము వ్రాసి యిమ్మనెను. చనిపోయిన క్లీనరు తల్లి, రాత్రివేళ వాకిట లారీ ఆగినట్లు వినబడిన ప్రతిసారి, లేచి తలుపు తీయుచున్నదట.